గేమ్ మధ్యలో ఆగిపోతున్న పీసీ: తప్పు నిజంగా గ్రాఫిక్స్ కార్డ్‌దేనా?

'వీడియో మెమొరీ చాలడం లేదు.'

2023 చివర్లో, 2024 మొదట్లో అనేక దేశాల్లో గేమర్ల తెరలపై ఈ అర్థం వచ్చే సందేశం కనిపించడం మొదలైంది. గేమ్ లోడ్ అవుతూ అవుతూ ఈ ఒక్క ముక్క చెప్పి మూసుకుపోయేది. విచిత్రమేమిటంటే, ఆ సందేశం చూసినవారిలో ఆర్‌టీఎక్స్ 4090 కార్డ్ ఉన్నవాళ్లూ ఉన్నారు. అందులో 24 జీబీ వీడియో మెమొరీ ఉంటుంది. గేమర్ల కోసం అప్పట్లో అమ్మే కార్డుల్లో అంతకు మించినది లేదు.

అందరి అనుమానం సహజంగానే గ్రాఫిక్స్ కార్డ్ మీదకు వెళ్లింది. డ్రైవర్లు తీసేసి మళ్లీ వేశారు, విండోస్ కొత్తగా ఎక్కించారు. సమస్య మాత్రం పోలేదు. చివరికి తేలిందేమిటంటే, లోపం ఉన్నది గ్రాఫిక్స్ కార్డ్‌లో కాదు, ప్రాసెసర్‌లో. ఇంటెల్ 13, 14వ తరం డెస్క్‌టాప్ ప్రాసెసర్లలో.

విడి భాగాలు కొని ఇంట్లో బిగించుకున్న గేమింగ్ కంప్యూటర్ నెమ్మదించినా, ఆగిపోయినా కారణం వెతకడం ఎందుకంత కష్టమో చెప్పడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకదు. కంప్యూటర్ ఫిర్యాదు చేసేది ఒకదాని మీద, జబ్బు ఉండేది మరొకదానిలో. అత్త మీద కోపం దుత్త మీద చూపినట్టన్నమాట. ఆ ఫిర్యాదును నమ్మి డబ్బు ఖర్చుపెడితే దండగయ్యేది సాధారణంగా మొత్తం మీద అత్యంత ఖరీదైన భాగానికి.

ప్రాసెసర్ లోపం గ్రాఫిక్స్ కార్డ్ తప్పుగా ఎలా కనిపించింది?

ఇప్పటి గేమ్‌లు ఒక్కొక్కటి వంద జీబీ దాటుతున్నాయి. అందుకే డేటాను బాగా కుదించి డిస్క్‌లో దాస్తాయి. ఆడేటప్పుడు దాన్ని విప్పే పని ఎక్కువగా ప్రాసెసర్‌దే. అన్‌రియల్ ఇంజిన్‌తో తయారైన చాలా గేమ్‌లు ఇందుకు 'ఊడిల్' అనే సాఫ్ట్‌వేర్‌ను వాడతాయి. ఈ పని ప్రాసెసర్‌లోని కోర్లన్నింటినీ ఒక్కసారిగా పరుగులు పెట్టిస్తుంది. ఆ ఒత్తిడిలో లోపమున్న ప్రాసెసర్ ఎక్కడో ఒక లెక్క తప్పు చేస్తుంది. విప్పిన డేటా సరిపోలదు. గేమ్‌కు అసలు కారణం తెలియదు కాబట్టి, తనకు తెలిసిన దగ్గరి కారణం చెప్పి మూసుకుపోతుంది.

ఊడిల్‌ను తయారుచేసిన ర్యాడ్ గేమ్ టూల్స్ తమ సాఫ్ట్‌వేర్‌లో దోషం లేదని, ప్రాసెసర్ నుంచే తప్పుడు ఫలితాలు వస్తున్నాయని వివరించింది. 2024 ఏప్రిల్‌లో ఎన్విడియా కూడా ఇలాంటి ఇబ్బంది ఉన్న 13, 14వ తరం ప్రాసెసర్ల వినియోగదారులు ఇంటెల్‌నే సంప్రదించాలని సూచించింది.

2024 జులైలో ఇంటెల్ ఒక కారణం చెప్పింది. ప్రాసెసర్‌లో ఉండే మైక్రోకోడ్ అవసరానికి మించిన వోల్టేజీని అడుగుతోందని, దానివల్ల చిప్‌లోని సర్క్యూట్లు కాలం తీరకముందే అరిగిపోతున్నాయని దాని సారాంశం. ఆగస్టులో 0ఎక్స్129, సెప్టెంబర్‌లో 0ఎక్స్12బి అనే మైక్రోకోడ్ సవరణలు విడుదల చేసింది. మొదటిది, ప్రాసెసర్ 1.55 వోల్టుల కంటే ఎక్కువ అడగకుండా కట్టడి చేసింది. ఇవి మదర్‌బోర్డ్ కంపెనీలిచ్చే బయోస్ అప్‌డేట్ ద్వారా వస్తాయి.

అయితే, ఈ సవరణ రాబోయే నష్టాన్ని ఆపుతుందే తప్ప అప్పటికే దెబ్బతిన్న చిప్‌ను బాగుచేయదు. అందుకే ఇంటెల్ ఈ ప్రాసెసర్ల వారంటీని మూడేళ్ల నుంచి అయిదేళ్లకు పెంచింది. 13వ తరం మార్కెట్లోకి వచ్చింది 2022 అక్టోబర్‌లో. 14వ తరం ఆ తర్వాత ఏడాదికి. అంటే, ఆ రోజుల్లో కొని ఇప్పటికీ 'గేమే సరిగా లేదు' అనుకుంటున్నవారిలో కొందరికి వారంటీ ఇంకా మిగిలి ఉండొచ్చు.

ఎనిమిది కంపెనీలు, ఎనిమిది వారంటీలు

బ్రాండెడ్ కంప్యూటర్ పాడైతే ఒక్క ఫోన్ నంబర్ చాలు. అసెంబుల్డ్ పీసీ అలా కాదు. ప్రాసెసర్, మదర్‌బోర్డ్, ర్యామ్, ఎస్ఎస్‌డీ, గ్రాఫిక్స్ కార్డ్, ఎస్ఎంపీఎస్, కూలర్, క్యాబినెట్... ఒక్కొక్కటి ఒక్కో కంపెనీది కావచ్చు. సికింద్రాబాద్‌లో సీటీసీగా పిలిచే చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో కొన్నా, చెన్నై రిచీ స్ట్రీట్‌లో, బెంగళూరు ఎస్పీ రోడ్‌లో, దిల్లీ నెహ్రూ ప్లేస్‌లో కొన్నా పరిస్థితి ఇంతే. ఫలానా భాగంలోనే లోపం ఉందని చూపించాల్సిన భారం కొన్నవారి మీదే పడుతుంది. సర్వీస్ సెంటర్‌లో ఆ భాగాన్ని విడిగా పరీక్షించి 'మా దగ్గర బాగానే పనిచేస్తోంది' అని తిరిగి ఇచ్చేస్తే, కథ మళ్లీ మొదటికొస్తుంది.

(ఇంకో చిక్కు భాషలో ఉంది. మన ఇళ్లలో మొత్తం డబ్బానే 'సీపీయూ' అనడం అలవాటు. 'సీపీయూ పోయింది' అంటే షాపువాడికి ఒకటి అర్థమవుతుంది, ఇంట్లోవాళ్లకు మరొకటి. ఇక్కడ ప్రాసెసర్ అంటే చిప్ మాత్రమే.)

నెమ్మదిగా ఉండటం వేరు, ఆగిపోవడం వేరు

ఈ రెండూ ఒకే పీసీలో కనిపించినా కారణాలు తరచూ వేర్వేరు. విడదీసి చూడకపోతే ఒకటి బాగైనా రెండోది అలాగే ఉండి, అసలేమీ బాగుపడలేదనిపిస్తుంది.

నెమ్మదికి కొన్ని కారణాలు పైసా ఖర్చు లేకుండా పోయేవే. కొత్తగా పీసీ బిగించినవారు మానిటర్ కేబుల్‌ను గ్రాఫిక్స్ కార్డ్‌కు కాకుండా మదర్‌బోర్డ్‌కు తగిలించడం చాలా మామూలు. రెండు చోట్లా హెచ్‌డీఎంఐ పోర్టులు ఒకేలా ఉంటాయి. అప్పుడు అరవై వేలు పెట్టి కొన్న కార్డ్ ఖాళీగా కూర్చుంటుంది, ప్రాసెసర్‌లోని చిన్న గ్రాఫిక్స్ చిప్ గేమ్‌ను లాగలేక లాగుతుంది. 144 హెర్ట్జ్ మానిటర్ కొని విండోస్ సెట్టింగ్స్‌లో 60 దగ్గరే వదిలేయడం కూడా అలాంటిదే. రెండు ర్యామ్ స్టిక్కులను పక్కపక్క స్లాట్లలో పెడితే అవి ఒకే దారిలో, అంటే సింగిల్ చానెల్‌లో పనిచేసే అవకాశం ఉంది. చాలా మదర్‌బోర్డులపై వీటిని ఒకటి వదిలి ఒకటి, రెండు, నాలుగు స్లాట్లలో పెట్టాలి. అది మాన్యువల్‌లో రాసే ఉంటుంది. మాన్యువల్ మాత్రం డబ్బాలోనే ఉండిపోతుంది.

ఇవన్నీ సరిగానే ఉంటే, గేమ్ ఆడుతూ ప్రాసెసర్, గ్రాఫిక్స్ కార్డ్ ఎంతెంత పనిచేస్తున్నాయో చూడాలి. విండోస్ టాస్క్ మేనేజర్‌లో కొంత తెలుస్తుంది, హెచ్‌డబ్ల్యూఇన్ఫో అనే ఉచిత ప్రోగ్రామ్‌లో ఇంకా వివరంగా కనిపిస్తుంది. గ్రాఫిక్స్ కార్డ్ 97, 98 శాతం దగ్గర ఉండి గేమ్ నెమ్మదిగా నడుస్తుంటే, కార్డ్ చేయగలిగినంతా చేస్తోందని అర్థం. గేమ్ సెట్టింగ్స్ తగ్గించుకోవడమే మార్గం. కార్డ్ 50 శాతం దగ్గరే ఉంటే దానికి పని అందించలేకపోతున్నది మరొకటి ఉంది. అది ప్రాసెసర్ కావచ్చు, ర్యామ్ కావచ్చు, నిండిపోయిన ఎస్ఎస్‌డీ కావచ్చు. ఈ రెండో సందర్భంలో కొత్త కార్డ్ కొన్నా ఫలితం ఉండదు.

ఏప్రిల్, మే నెలల్లోనే ఎందుకు?

జనవరిలో బాగా నడిచిన పీసీ ఏప్రిల్‌లో మొరాయిస్తే ముందు చూడాల్సింది వేడి. గాలితో చల్లబడే కంప్యూటర్ ఏదైనా గది ఉష్ణోగ్రత కంటే చల్లగా ఉండలేదు. గదిలో 25 డిగ్రీలు ఉండేది 40కి చేరితే, పని భారం, ఫ్యాన్ వేగం అలాగే ఉన్నప్పుడు చిప్ వేడి కూడా దాదాపు ఆ 15 డిగ్రీలు పెరుగుతుంది. చల్లని దేశాల్లో ఏసీ గదుల్లో చేసిన యూట్యూబ్ సమీక్షల్లో 80 డిగ్రీలు చూపిన కూలర్, రామగుండంలోనో రెంటచింతలలోనో మిట్టమధ్యాహ్నం ఏసీ లేని గదిలో 95 చూపితే ఆశ్చర్యపోనక్కర్లేదు.

ఇంటెల్ కోర్ ఐ9-13900కె లాంటి ప్రాసెసర్లకు గరిష్ఠ పరిమితి 100 డిగ్రీలు, ఏఎండీ రైజెన్ 7000 సిరీస్‌లో చాలావాటికి 95. ఆ గీతను తాకగానే ప్రాసెసర్ కాలిపోదు. తనను తాను కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంటుంది. గేమ్ మొదటి పది నిమిషాలు హాయిగా నడిచి తర్వాత తడబడటానికి ఇదే ప్రధాన కారణం. మొదటి నిమిషంలోనే వంద దాటితే మాత్రం కూలర్ సరిగా కూర్చోలేదని అనుకోవాలి. దాని అడుగున ఉండే పల్చటి ప్లాస్టిక్ కాగితం తీయకుండానే బిగించేసినవారు తక్కువేమీ కాదు.

పాత కార్డుల సంగతి మరొకటి. 2022 సెప్టెంబర్‌లో ఇథీరియం తన విధానాన్ని మార్చుకోవడంతో గ్రాఫిక్స్ కార్డులతో దాన్ని మైనింగ్ చేయడం ఆగిపోయింది. రాత్రీ పగలూ నడిచిన కార్డులు సెకండ్ హ్యాండ్ మార్కెట్లోకి వచ్చాయి. వాటిలో ఫ్యాన్లు, వీడియో మెమొరీ మీది థర్మల్ ప్యాడ్లు అరిగి ఉండొచ్చు. చిప్ వేడి మామూలుగా కనిపిస్తూ మెమొరీ వేడి మాత్రం వంద దాటుతుంటే కారణం అక్కడ ఉంటుంది.

ఎలా ఆగిపోయిందో చూస్తే సగం తెలుస్తుంది

గేమ్ ఒక్కటే మూసుకుపోయి డెస్క్‌టాప్ వచ్చిందా? నీలి తెర వచ్చిందా? తెర నల్లబడి శబ్దం మాత్రం వస్తూనే ఉందా? లేక ఎవరో ప్లగ్ పీకినట్టు మొత్తం ఆరిపోయి మళ్లీ స్టార్ట్ అయిందా?

తెర ఒకటి రెండు క్షణాలు నల్లబడి తిరిగొస్తే, గ్రాఫిక్స్ కార్డ్ స్పందించకపోవడంతో విండోస్ దాని డ్రైవర్‌ను మళ్లీ మొదలుపెట్టిందని అర్థం. విండోస్ ఇందుకు మామూలుగా రెండు సెకన్లే ఆగుతుంది. ఇది డ్రైవర్ దోషం కావచ్చు, కార్డ్ దోషం కావచ్చు, కార్డ్‌కు వచ్చే కరెంటు దోషమూ కావచ్చు.

మొత్తం ఆరిపోయి మళ్లీ స్టార్ట్ అయితే చాలామంది ఈవెంట్ వ్యూయర్ తెరిచి 'కెర్నల్-పవర్ 41' అనే ఎర్ర గుర్తు చూసి ఎస్ఎంపీఎస్ పోయిందని తేల్చేస్తారు. నిజానికి ఆ నమోదుకు అర్థం ఒక్కటే: విండోస్ పద్ధతిగా మూతపడలేదు. ఎందుకన్నది అది చెప్పదు. హ్యాంగ్ అయిందని పవర్ బటన్ నొక్కి పట్టుకుని ఆపినా ఇదే వస్తుంది. దానికి ముందు 'డబ్ల్యూహెచ్ఈఏ-లాగర్' పేరుతో ఏవైనా ఉన్నాయా అన్నది ఎక్కువ ఉపయోగపడే ఆధారం. ప్రాసెసర్ స్వయంగా తనలోనో, తనతో ముడిపడిన భాగాల్లోనో దోషం గుర్తించినప్పుడు అవి నమోదవుతాయి.

ఎస్ఎంపీఎస్, యూపీఎస్, గోడలోని ప్లగ్

బడ్జెట్ కుదరనప్పుడు ముందు కోత పడేది ఎస్ఎంపీఎస్ మీదే. గేమ్‌లో బొమ్మ అందంగా కనపడటానికి అది ఏమీ చేయదు కదా. కానీ, గ్రాఫిక్స్ కార్డులు సగటున 250 వాట్లే వాడినా, క్షణంలో వెయ్యో వంతు కంటే తక్కువ సేపు దానికి రెట్టింపు లాగగలవు. నాసిరకం ఎస్ఎంపీఎస్ ఆ కుదుపుకు తట్టుకోలేక ఆగిపోతుంది. ఈ ఇబ్బంది పెరగడం వల్లే 2022లో వచ్చిన ఏటీఎక్స్ 3.0 ప్రమాణంలో, శక్తిమంతమైన కార్డుల కోసం తయారుచేసే ఎస్ఎంపీఎస్‌లు తమ సామర్థ్యానికి రెట్టింపు భారాన్ని వంద మైక్రోసెకన్ల పాటు మోయగలగాలని పెట్టారు.

డబ్బా మీది '80 ప్లస్' ముద్రను నాణ్యతకు హామీగా భావించడం పొరపాటు. అది కరెంటును ఎంత వృథా చేయకుండా వాడుతుందో చెప్పే గుర్తు. పైగా ఆ పరీక్ష చేసేది సుమారు 23 డిగ్రీల వద్ద. మండే వేసవిలో క్యాబినెట్ లోపలి వేడికి ఆ పరీక్షకూ సంబంధం లేదు.

ఇక కరెంటు పోయినప్పుడే పీసీ ఆరిపోతుంటే తప్పు పీసీది కాకపోవచ్చు. ఇళ్లలో ఎక్కువగా కనిపించే 600 వీఏ యూపీఎస్ ఇవ్వగలిగేది సుమారు 360 వాట్లు. గేమ్ నడుస్తున్నప్పుడు 300 వాట్ల గ్రాఫిక్స్ కార్డ్, 150 వాట్ల ప్రాసెసర్ కలిస్తేనే అది దాటిపోతుంది. బ్రౌజర్ చూస్తున్నప్పుడు కరెంటు పోతే తట్టుకుని, గేమ్ ఆడుతున్నప్పుడు పోతే ఆగిపోవడానికి కారణం ఇదే. చవక యూపీఎస్‌లు బ్యాటరీ మీద ఇచ్చే మెట్లు మెట్లు తరంగం కూడా కొన్ని ఎస్ఎంపీఎస్‌లకు సరిపడదు. అలాంటప్పుడు ఒక పరీక్ష చాలు: యూపీఎస్‌ను, ఎక్స్‌టెన్షన్ బాక్సును తప్పించి, గోడలోని ప్లగ్‌కు నేరుగా పెట్టి ఒకరోజు ఆడి చూడటం.

క్యాబినెట్‌ను ముట్టుకుంటే జిల్లుమంటోందా? అయితే గేమ్ సంగతి తర్వాత, ముందు ఎలక్ట్రీషియన్‌ను పిలవాలి. ఎస్ఎంపీఎస్‌లో కరెంటు రొదను వడగట్టే చిన్న కెపాసిటర్లు లోహపు డబ్బాకు కలిసి ఉంటాయి. ఇంట్లో ఎర్తింగ్ ఉంటే ఆ కొద్దిపాటి కరెంటు భూమిలోకి పోతుంది. లేకపోతే క్యాబినెట్ సుమారు 115 వోల్టుల దగ్గర తేలుతుంది, అంటే మన 230లో సగం. ఆ కరెంటు అతి స్వల్పం కాబట్టి జిల్లుమనడంతో ఆగుతుంది. కానీ లోపల ఇన్సులేషన్ ఎప్పుడైనా దెబ్బతింటే పూర్తి కరెంటు అదే లోహం మీదకు వస్తుంది. త్రీ పిన్ ప్లగ్‌లో పై రంధ్రం ఉన్నంత మాత్రాన వెనుక ఎర్త్ వైరు ఉందని కాదు. పాత అద్దె ఇళ్లలో అది చాలాసార్లు ఎక్కడికీ వెళ్లని రంధ్రమే.

ర్యామ్: చవకగా తేలే పరీక్ష

ర్యామ్ తప్పులకు ఒక ముఖం ఉండదు. ఈరోజు ఒక గేమ్ ఆగుతుంది, రేపు బ్రౌజర్ ట్యాబ్, ఎల్లుండి వేరే కోడ్‌తో నీలి తెర. కారణాలు రోజుకొకటిగా మారుతుంటే ర్యామ్‌ను అనుమానించాలి. మెమ్‌టెస్ట్86 అనే ఉచిత ప్రోగ్రామ్‌ను పెన్‌డ్రైవ్‌లో వేసి రాత్రంతా నడిపితే తెలుస్తుంది. అందులో ఒక్క తప్పు వచ్చినా అది ఎక్కువే.

తప్పు వచ్చిందంటే స్టిక్ పాడైందనే కాదు. డబ్బా మీద 6000 అని రాసి ఉన్న డీడీఆర్5 ర్యామ్ ఆ వేగంతో నడవాలంటే బయోస్‌లో ఎక్స్ఎంపీ లేదా ఎక్స్‌పో అనే సెట్టింగ్ పెట్టాలి. ప్రాసెసర్ తయారీదారుల లెక్కలో ఇది ఓవర్‌క్లాకింగే. ఆ సెట్టింగ్ తీసేసి నడిపినప్పుడు తప్పులు పోతే, ర్యామ్ బాగానే ఉంది, వేగమే ఎక్కువైంది. తర్వాత కొందాంలే అని రెండు స్టిక్కులతో మొదలుపెట్టి ఇంకో రెండు చేర్చినవారికి ఇది బాగా ఎదురవుతుంది. రైజెన్ 7000 ప్రాసెసర్లకు ఏఎండీ అధికారికంగా చెప్పే ర్యామ్ వేగం రెండు స్టిక్కులతో 5200, నాలుగు పెడితే 3600 మాత్రమే.

'ఫ్రీ' గేమ్ ఖరీదు

హార్డ్‌వేర్ అంతా బాగున్నా, ఏమీ ఆడనప్పుడు కూడా ఫ్యాన్లు గోల చేస్తుంటే మరో అనుమానం మిగులుతుంది. 2021 జూన్‌లో అవాస్ట్ పరిశోధకులు 'క్రాకొనోష్' అనే మాల్‌వేర్ గురించి బయటపెట్టారు. జీటీఏ 5, ఫార్ క్రై 5 లాంటి గేమ్‌ల పైరేటెడ్ కాపీల్లో అది దాక్కుని వచ్చేది. విండోస్ అప్‌డేట్లను, యాంటీవైరస్‌ను ఆపేసి, బాధితుల కంప్యూటర్లతో మొనెరో అనే క్రిప్టోకరెన్సీని తవ్వించేది. 2 లక్షల 20 వేలకు పైగా కంప్యూటర్లలో అది చేరిందని, బాధిత దేశాల్లో భారత్ ఒకటని అవాస్ట్ తెలిపింది. గేమ్‌కు డబ్బు కట్టని లోటు కరెంటు బిల్లులో తీరిందన్నమాట.

ఒకసారికి ఒకటే మార్చాలి

పీసీ మొరాయిస్తే చాలామంది ఒకే సాయంత్రం డ్రైవర్ మార్చి, బయోస్ అప్‌డేట్ చేసి, ర్యామ్ తీసి పెట్టి, థర్మల్ పేస్ట్ కూడా పూసేస్తారు. ఆ తర్వాత బాగుపడినా ఏది చేసినందుకు బాగుపడిందో తెలియదు. రెండు వారాలకు మళ్లీ వస్తే వెతుకులాట మొదటి నుంచి మొదలవుతుంది. వారంటీకి పంపేటప్పుడు చెప్పడానికి కూడా ఏమీ ఉండదు.

ముందు డేటా కాపీ తీసుకోవాలి, ఎందుకంటే ఎస్ఎస్‌డీ వారంటీలో మారేది ఎస్ఎస్‌డీయే తప్ప అందులోని ఫొటోలు కావు. తర్వాత ఓవర్‌క్లాకింగ్ సెట్టింగ్‌లన్నీ తీసేసి బయోస్‌ను మామూలు స్థితికి తేవాలి. అక్కడి నుంచి రోజుకొక మార్పు. అనుమానం ఒక భాగం దగ్గర ఆగాక, కొత్తది కొనడానికి ముందు స్నేహితుడి పీసీలోంచి అదే భాగాన్ని ఒక రోజుకు అడిగి తెచ్చుకోవడం మేలు. అది పెట్టగానే జబ్బు పోవాలి, మనది వాళ్ల పీసీలో పెడితే జబ్బు అక్కడికి వెళ్లాలి. ఈ రెండూ జరిగితే సర్వీస్ సెంటర్‌తో వాదించడానికి కావాల్సిన ఆధారం చేతిలో ఉన్నట్టే. ఎస్ఎంపీఎస్‌ను మార్చి చూసేటప్పుడు మాత్రం దాని కేబుళ్లు కూడా దానివే వాడాలి. వేర్వేరు కంపెనీల కేబుళ్లు చూడ్డానికి ఒకేలా ఉన్నా లోపల వైర్ల వరుస మారుతుంది. తప్పుగా కలిపితే పరీక్ష కోసం తెచ్చిన భాగంతో పాటు ఎస్ఎస్‌డీ కూడా కాలిపోవచ్చు.

బిల్లు లేకపోతే?

మన మార్కెట్లలో ప్రాసెసర్లు రెండు రకాలుగా దొరుకుతాయి. డబ్బాతో వచ్చేదానికి తయారీ కంపెనీయే నేరుగా వారంటీ ఇస్తుంది. 'ట్రే' పేరుతో విడిగా, కాస్త చవకగా అమ్మేదానికి షాపువాడో, పీసీ బిగించి ఇచ్చినవాడో బాధ్యత తీసుకోవాలి. ఇంటెల్ పెంచిన అయిదేళ్ల గడువు కోసం వెళ్లేవారికి ఈ తేడా మొదటి ప్రశ్నగా ఎదురవుతుంది. రెండోది జీఎస్టీ బిల్లు. 'బిల్లు వద్దంటే కొంత తగ్గిస్తాం' అన్న షాపులో కొన్నవారు ఆ రోజు మిగిల్చుకున్నది ఇప్పుడు వదులుకోవాల్సి రావచ్చు. బిల్లు మీద ఒక్కో భాగం సీరియల్ నంబర్ రాయించుకుని, డబ్బాల మీది నంబర్లను ఫొటో తీసి ఉంచుకుంటే, మార్చి ఇచ్చారన్న వివాదం వచ్చినప్పుడు అక్కరకొస్తుంది.

వారంటీ ఉండి కూడా తిప్పుకుంటుంటే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయవచ్చు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం, దిల్లీ కంపెనీ మీదైనా కొనుగోలుదారు తాను నివసించే లేదా పనిచేసే జిల్లాలోని కమిషన్‌లోనే ఫిర్యాదు చేయవచ్చు. వస్తువుకు చెల్లించిన ధర 5 లక్షల రూపాయల లోపు ఉంటే ఫిర్యాదుకు రుసుము కట్టాల్సిన అవసరం లేదు.